ఓ కుర్రాడి కాలు.. ఓ దేశపు వైద్య బీమా

జబ్బు చేస్తే బిల్లు ఎవరు కట్టాలి? రోగా, బీమా కంపెనీయా, ప్రభుత్వమా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని జీవితమంతా నడిచిన మనిషి టామీ డగ్లస్. ప్రింటింగ్ ప్రెస్‌లో అప్రెంటిస్‌గా మొదలై, బాక్సరై, చర్చి పాస్టరై, చివరికి కెనడాకు అందరికీ అందే వైద్య బీమాను చూపించిన నాయకుడయ్యారు. ఆయన కథలో గెలుపులెన్నో ఓటములూ అన్నే!

2004లో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ ఓ పోటీ పెట్టింది. దేశ చరిత్ర మొత్తంలో అందరికన్నా గొప్ప కెనడియన్ ఎవరో ప్రజలే ఓటేసి తేల్చాలి. టెలిఫోన్‌ కనిపెట్టిన గ్రాహంబెల్, ఇన్సులిన్‌ కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్, ఐస్ హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ, ఇద్దరు ముగ్గురు మాజీ ప్రధానులు.. అంతా బరిలో ఉన్నారు. తీరా చూస్తే మొదటి స్థానం వీళ్లెవరికీ రాలేదు. ఒక్కసారి కూడా ప్రధాని కాని, పార్లమెంటులో తన పార్టీని కనీసం రెండో స్థానానికి కూడా తేలేకపోయిన టామీ డగ్లస్‌కు దక్కింది. అప్పటికి ఆయన చనిపోయి 18 ఏళ్లు.

ఎందుకంత అభిమానం? కెనడాలో ఇవాళ ఎవరైనా డాక్టర్ దగ్గరికి వెళ్తే హెల్త్ కార్డు చూపిస్తారు, వైద్యం చేయించుకుంటారు, వచ్చేస్తారు. బిల్లు ప్రభుత్వానికి వెళ్తుంది. దీన్నే సింగిల్ పేయర్ విధానం అంటారు. అంటే చెల్లించేది ఒక్కరే. ఆ ఏర్పాటు వెనక ఉన్నది ఈ మనిషే.

స్మిత్ డాక్టర్ పెట్టిన షరతు

టామీ డగ్లస్ 1904 అక్టోబరు 20న స్కాట్లాండ్‌లోని ఫాల్కర్క్‌లో పుట్టాడు. తండ్రి ఇనుప ఫౌండ్రీలో పోతపని చేసేవాడు. టామీకి ఆరేళ్లప్పుడు కుడి మోకాలికి దెబ్బ తగిలింది. అది మానకపోగా ఎముకకే ఇన్‌ఫెక్షన్ పట్టింది. ఆస్టియోమైలైటిస్ అంటారు దాన్ని. అప్పటికి యాంటీబయోటిక్స్ లేవు. ఆపరేషన్ చేసి ఎముక గీకడం, పుండు మానుతుందేమో చూడటం, మళ్లీ గీకడం.. ఇదే వైద్యం.

ఆ తర్వాత కుటుంబం బతుకుతెరువు కోసం కెనడాలోని వినిపెగ్ నగరానికి వలస వెళ్లింది. అక్కడ కాలు మళ్లీ తిరగబెట్టింది. డబ్బున్న ఇల్లు కాదు కాబట్టి ధర్మాసుపత్రి వార్డులో చేర్చారు. ఇక లాభం లేదు, కాలు తీసేయాల్సిందేనని అక్కడి డాక్టర్లు తల్లిదండ్రులకు చెప్పేశారు.

సరిగ్గా అప్పుడే ఆర్.జె. స్మిత్ అనే పేరున్న ఎముకల సర్జన్ తన విద్యార్థులతో ఆ వార్డుకు వచ్చారు. కుర్రాడి కేసు ఆయనకు ఆసక్తిగా అనిపించింది. తానే ఆపరేషన్ చేస్తానన్నారు, ఫీజు కూడా వద్దన్నారు. ఒక్కటే షరతు.. ఆపరేషన్‌ను విద్యార్థులు దగ్గరుండి చూడాలి. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. కాలు నిలిచింది.

ఇక్కడ మామూలుగా అయితే ఆ డాక్టర్‌కు దండం పెట్టుకుని కథ ముగించేస్తాం. డగ్లస్ ఆ సర్జన్‌ను జీవితాంతం కృతజ్ఞతతో తలుచుకున్నారు కానీ, అక్కడితో ఆగలేదు. ఆయన్ని వెంటాడిన ప్రశ్న వేరు. తన కాలు నిలిచింది హక్కుగా కాదు, అదృష్టం కొద్దీ. ఆ రోజు ఆ డాక్టర్ ఆ వార్డుకు రాకపోతే? తన కేసు విద్యార్థులకు చూపించేంత ఆసక్తికరంగా లేకపోతే? డబ్బున్న ఇంటి పిల్లాడికైతే ఈ లాటరీ అవసరమే ఉండేది కాదు కదా!

ప్రెస్సు, రింగు, చర్చి

మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రి సైన్యంలో చేరడంతో కుటుంబం స్కాట్లాండ్‌కు తిరిగి వెళ్లింది. టామీ బడి మానేసి పనికి కుదిరాడు. యుద్ధం ముగిశాక మళ్లీ వినిపెగ్ చేరారు. 1919 వేసవిలో ఆ నగరం మొత్తం సమ్మెలోకి దిగింది. జూన్ 21న పోలీసులు కాల్పులు జరపడాన్ని 14 ఏళ్ల టామీ ఓ మేడ మీద నుంచి కళ్లారా చూశాడు. ఆ కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. కార్మికుల పక్షాన నిలబడాలన్న ఆలోచనకు అక్కడే బీజం పడిందంటారు.

ప్రింటింగ్ ప్రెస్‌లో అప్రెంటిస్‌గా చేరి లైనోటైప్ పని నేర్చుకున్నాడు. మరోపక్క బాక్సింగ్! కాలు తీసేయాలన్న కుర్రాడే 1922లో మానిటోబా లైట్‌వెయిట్ చాంపియన్ అయ్యాడు. ఆ పోటీలో ముక్కు విరిగింది, పళ్లు ఊడాయి. మరుసటి ఏడాది మళ్లీ టైటిల్ నిలబెట్టుకున్నాడు.

మంచి జీతమిచ్చే చేతిపని ఉన్నా చదువు మధ్యలో ఆగిపోయిందన్న బెంగ పోలేదు. 1924లో, పంతొమ్మిదేళ్లు దాటాక, బ్రాండన్ కాలేజీలో చేరాడు. ఆగిపోయిన హైస్కూల్ చదువుతో మొదలెట్టి డిగ్రీ పూర్తి చేసేసరికి ఆరేళ్లు పట్టింది. ఖర్చుల కోసం ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ల చర్చిల్లో ప్రసంగాలు చేసేవాడు. ఇయర్ గ్యాప్ వచ్చిందని కుమిలిపోయేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూసుకోవచ్చు. ఆయన డిగ్రీ పట్టా తీసుకునేసరికి వయసు 25. అదే 1930లో పెళ్లి, అదే ఏడాది సస్కాచువాన్ ప్రావిన్సులోని వేబర్న్ అనే చిన్న పట్టణంలో బాప్టిస్ట్ పాస్టర్‌గా ఉద్యోగం.

ఉద్యోగమైతే వచ్చింది కానీ, వచ్చిన సమయమే దారుణం. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. సస్కాచువాన్‌లో దానికి తోడు కరవు. గోధుమ పొలాలు ఎండి, మట్టి గాలికి లేచి ఇళ్లలోకి వచ్చిపడేది. గోధుమకు ధర లేదు. రైతుల చేతిలో చిల్లిగవ్వ లేదు. యువ పాస్టర్ పని ప్రార్థనలతో పాటు బట్టలు, తిండి సేకరించి పంచడం కూడా అయింది. ముప్పైల్లో ఉన్న ఇద్దరు యువకుల అంత్యక్రియలు తాను చేయాల్సి వచ్చిన సంగతిని ఆయన తర్వాతెప్పుడో గుర్తుచేసుకున్నారు. ఇద్దరికీ చిన్నపిల్లలున్నారు. దగ్గర్లో డాక్టర్ లేక, దూరం వెళ్లడానికి డబ్బుల్లేక పోయారు. వినిపెగ్‌లో తనకు తగిలిన లాటరీ వాళ్లకు తగల్లేదు. అంతే తేడా.

తప్పు దారిలో ఓ థీసిస్

ఈ కథలో ఓ మచ్చ కూడా ఉంది. దాన్ని దాటేసి వెళ్తే ఆయన్ని సగమే చూసినట్టు. 1933లో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ నుంచి డగ్లస్ సోషియాలజీలో ఎంఏ పొందారు. ఆయన థీసిస్ అప్పట్లో చాలామంది చదువుకున్నవాళ్లు నమ్మిన యూజెనిక్స్‌ను సమర్థించింది. కొందరిని సంతానం లేకుండా ఆపరేషన్ చేయాలన్నంత వరకూ వెళ్లింది. పేదరికానికీ జబ్బుకీ కారణం మనుషుల పుట్టుకలో ఉందనుకునే ఆలోచన అది. ఆయన చర్చి బయట చూస్తున్న దానికి పూర్తిగా విరుద్ధం.

1936లో ఆయన యూరప్ వెళ్లి నాజీల జర్మనీని దగ్గరగా చూశారు. ఆ తర్వాత ఈ వాదన ఆయన నోట రాలేదు. మాటల్లో మారడం తేలికే, అధికారం చేతికొచ్చాక ఏం చేశారన్నదే లెక్క. సస్కాచువాన్ ఆరోగ్య మంత్రిగా ఉన్నప్పుడు మానసిక వైకల్యం ఉన్నవాళ్లకు ఇలాంటి ఆపరేషన్లు చేయాలన్న సిఫార్సులు ఆయన బల్ల మీదికి వచ్చాయి. ఆయన తిరస్కరించారు. పక్కనే ఉన్న అల్బర్టా ప్రావిన్సులో మాత్రం అలాంటి చట్టం 1972 దాకా అమల్లో ఉంది.

ఓడి, గెలిచి, ముఖ్యమంత్రిగా..

రైతులు, కార్మికులు కలిసి 1932లో కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్ అనే పార్టీ పెట్టుకున్నారు. క్లుప్తంగా సీసీఎఫ్. డగ్లస్ అందులో చేరి 1934లో ప్రావిన్సు ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. మరుసటి ఏడాదే పార్లమెంటుకు పోటీ చేసి గెలిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి స్వచ్ఛందంగా ముందుకొస్తే, వైద్య పరీక్షల్లో పాత కాలి సమస్య బయటపడి విదేశాలకు పంపలేదు. ఆయన వెళ్లాల్సిన వినిపెగ్ గ్రెనెడియర్స్ దళం హాంకాంగ్ వెళ్లింది. 1941 డిసెంబరులో ఆ దళంలో చాలామంది జపాన్ సేనల చేతిలో చనిపోయారు, మిగిలినవాళ్లు బందీలయ్యారు. ఆ కాలే ఈసారి ఆయన్ని కాపాడిందన్నమాట.

సభల్లో ఆయన ఎలుకల రాజ్యం కథ ఒకటి చెప్పేవారు. ఎలుకలు ప్రతి ఎన్నికల్లోనూ పిల్లుల్నే ఎన్నుకుంటాయి. నల్ల పిల్లులు నచ్చకపోతే తెల్ల పిల్లులకు ఓటేస్తాయి. ఎలుకల్ని ఎలుకలే పాలించుకోవచ్చు కదా అన్న ఎలుకను మాత్రం జైల్లో పెడతాయి. చేతిలో కాగితం లేకుండా, జనాన్ని నవ్విస్తూ చెప్పేవారు. జనం ఇంటికెళ్లాక ఆలోచించేవారు.

1944 జూన్ 15న సస్కాచువాన్ ఎన్నికల్లో సీసీఎఫ్ 52 సీట్లకు 47 గెలిచింది. ఉత్తర అమెరికాలోనే తొలి సోషలిస్టు ప్రభుత్వం అది. డగ్లస్ ప్రీమియర్ అయ్యారు. మన లెక్కన ముఖ్యమంత్రి. ఆరోగ్య శాఖను కూడా తన దగ్గరే ఉంచుకున్నారు.

మొత్తం ఒకేసారి కాదు.. ముక్కలు ముక్కలుగా

సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవాళ్లకు డగ్లస్ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. అందరికీ వైద్యం అనే మొత్తం ప్రాజెక్టును ఒకేరోజు విడుదల చేయలేదు. ముందు సర్వే, తర్వాత పైలట్, ఆ తర్వాతే ప్రావిన్సు మొత్తానికి.

సర్వే కోసం అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి హెన్రీ సిగరిస్ట్‌ను 1944లోనే పిలిపించారు. పింఛనుదారుల్లాంటి నిరుపేదలకు 1945లో ఉచిత వైద్యం మొదలైంది. 1946 జులై 1న స్విఫ్ట్ కరెంట్ అనే ప్రాంతంలో పైలట్ వచ్చింది. అక్కడి జనం ముందుగా ఓటింగ్ పెట్టుకుని మరీ ఒప్పుకున్నారు. డాక్టర్ ఫీజు, ఆసుపత్రి ఖర్చు రెండూ ఆ ప్రాంతపు ఉమ్మడి నిధి నుంచే. అక్కడి డాక్టర్లకు ఫీజులు కచ్చితంగా అందాయి. పథకం నిలబడింది. తర్వాత రోజుల్లో ఇదెలా సాధ్యం అని ఎవరడిగినా చూపించడానికి ఓ నమూనా దొరికింది.

1947 జనవరి 1 నుంచి ప్రావిన్సు మొత్తానికీ ఆసుపత్రి బీమా వచ్చింది. మనిషికి ఏడాదికి 5 డాలర్లు, కుటుంబానికి ఎంతమంది ఉన్నా 30 డాలర్లకు మించకూడదు. కార్డు ఉంటే చాలు, ఆసుపత్రి బెడ్ ఖర్చు ప్రభుత్వానిది. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది ఆ తర్వాత ఏడాదే.

మరి డాక్టర్ ఫీజు సంగతి? అక్కడ ఆగారు. ఎందుకంటే డబ్బుల్లేవు. మాంద్యం నుంచి ఇంకా తేరుకుంటున్న ప్రావిన్సు, పాత అప్పులు నెత్తి మీద. అప్పు చేసి పథకాలు పెడితే పగ్గాలు బ్యాంకుల చేతికి వెళ్తాయన్నది డగ్లస్ నమ్మకం. అందుకే బడ్జెట్ విషయంలో ఆయన మహా పిసినారి. అప్పు తీరుస్తూ, రోడ్లు వేస్తూ, పల్లెల్లో పొలం ఇళ్లకు కరెంటు లాగుతూ ఎదురుచూశారు. ఒకటి కాదు రెండు కాదు, పన్నెండేళ్లు.

1957లో కేంద్రం ఓ చట్టం చేసింది. ప్రావిన్సుల ఆసుపత్రి బీమా ఖర్చులో సుమారు సగం తాను భరిస్తానంది. 1958 జులై నుంచి ఆ డబ్బు రావడం మొదలైంది. అప్పటిదాకా ఒంటరిగా మోస్తున్న బరువులో సగం దిగింది. మిగిలిన డబ్బుతో డగ్లస్ 1959 డిసెంబరులో అసలు పథకం ప్రకటించారు. సూత్రాలు అయిదు: ముందే చెల్లింపు, అందరికీ వర్తింపు, నాణ్యమైన వైద్యం, ప్రభుత్వ అజమాయిషీ, చివరగా రోగులకూ డాక్టర్లకూ ఇద్దరికీ సమ్మతమైన తీరు.

ఆ అయిదోదాని దగ్గరే యుద్ధం మొదలైంది.

డాక్టర్లు ఎందుకు ఎదురుతిరిగారు?

వాళ్లను విలన్లుగా చూస్తే ఈ చర్చ అర్థం కాదు. వాళ్ల భయాలు వాళ్లవి. ఇవాళ ఫీజు చెల్లించే ప్రభుత్వమే రేపు ఫీజు ఎంతో నిర్ణయిస్తుంది. ఎల్లుండి ఏ మందు రాయాలో, ఏ ఊళ్లో పనిచేయాలో కూడా చెబుతుంది. రోగి రహస్యాలు ఆఫీసు ఫైళ్లలోకి వెళ్తాయి. చెల్లించేవాడు ఒక్కడే అయినప్పుడు వాడితో గొడవ పడితే ఇంకెక్కడికి వెళ్లాలి? పైగా డాక్టర్లే నడుపుకుంటున్న స్వచ్ఛంద బీమా సంస్థలు అప్పటికే ఉన్నాయి. కట్టుకోగలిగినవాళ్లు వాటిలో చేరతారు, కట్టలేని పేదలకు మాత్రమే ప్రభుత్వం సాయం చేస్తే సరిపోతుంది కదా అన్నది వాళ్ల ప్రతిపాదన.

డగ్లస్ వైపు వాదన ఇదీ. పేదలకు మాత్రమే అంటే ప్రతి ఒక్కరూ ముందు తాము పేదలమని నిరూపించుకోవాలి. స్వచ్ఛంద బీమాలో ముసలివాళ్లకు, జబ్బులున్నవాళ్లకు చోటు కష్టం. అందరూ ఒకే నిధిలో ఉంటే ఆరోగ్యంగా ఉన్నవాడి డబ్బు జబ్బుపడ్డవాడికి పనికొస్తుంది. ఎందుకంటే రేపు వీడూ జబ్బుపడొచ్చు.

1960 ఎన్నికలు దాదాపుగా ఈ ఒక్క అంశం మీదే జరిగాయి. డాక్టర్ల సంఘం ఒక్కొక్కరి నుంచి 100 డాలర్లు వసూలు చేసి ప్రచారానికి దిగింది. పథకం వస్తే డాక్టర్లంతా ప్రావిన్సు వదిలి వెళ్లిపోతారని చెప్పింది. తమ దేశానికీ ఈ గాలి సోకుతుందేమోనని అమెరికా డాక్టర్ల సంఘం కూడా ఓ కన్నేసి ఉంచింది. జూన్‌లో ఫలితాలొచ్చాయి. సీసీఎఫ్ మళ్లీ గెలిచింది. డగ్లస్‌కు ఇది వరసగా అయిదో గెలుపు.

23 రోజుల సమ్మె

1961 నవంబరులో వైద్య బీమా చట్టం అసెంబ్లీలో ఆమోదం పొందింది. కానీ దాన్ని అమలు చేయాల్సిన సమయానికి డగ్లస్ ప్రీమియర్ కుర్చీలో లేరు. సీసీఎఫ్, కార్మిక సంఘాలు కలిసి జాతీయ స్థాయిలో న్యూ డెమోక్రటిక్ పార్టీ పెట్టాయి. దానికి నాయకుడిగా ఆయన్నే ఎన్నుకున్నాయి. ప్రీమియర్ బాధ్యత స్కూల్ టీచర్‌గా పనిచేసి వచ్చిన వుడ్రో లాయిడ్ మీద పడింది. కష్టమంతా ఆయనే పడ్డారు. పేరు మాత్రం ఎక్కువగా డగ్లస్‌కు వచ్చింది. టీమ్‌లో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు కదా!

1962 జూన్ 18న పార్లమెంటు ఎన్నికలు. డగ్లస్ సస్కాచువాన్ రాజధాని రెజైనా నుంచి నిలబడ్డారు. వైద్య బీమా మీద కోపం పతాక స్థాయిలో ఉన్న రోజులు. పదిహేడేళ్లు పాలించిన ఊళ్లోనే ఆయన ఓడిపోయారు. బాగానే ఓడిపోయారు. ఆ అక్టోబరులో బ్రిటిష్ కొలంబియాలో ఓ ఉప ఎన్నిక గెలిచి గానీ పార్లమెంటుకు చేరలేకపోయారు.

జులై 1న పథకం అమల్లోకి వచ్చింది. అదేరోజు ప్రావిన్సులోని చాలామంది డాక్టర్లు క్లినిక్కులు మూసేశారు. కొన్ని ఆసుపత్రుల్లో అత్యవసర సేవలు మాత్రమే. తొలిరోజే మెనింజైటిస్‌తో ఉన్న తొమ్మిది నెలల పసివాడిని తీసుకుని తల్లిదండ్రులు డాక్టర్ కోసం ఊళ్లు తిరిగారు. పిల్లాడు దక్కలేదు. ఇక ఎవరిది తప్పు అన్న వాదన ప్రావిన్సు అంతా రగిలింది. తప్పు డాక్టర్లదని కొందరు, మొండికేసిన ప్రభుత్వానిదని కొందరు. స్నేహితుల మధ్య మాటలు ఆగిపోయాయి.

మా డాక్టర్లు మాకు కావాలి అంటూ కమిటీలు పుట్టుకొచ్చాయి. జులై 11న రెజైనా అసెంబ్లీ ముందు భారీ ప్రదర్శన పెట్టారు. పదుల వేలమంది వస్తారనుకుంటే అయిదు వేలకు మించలేదు. గాలి మారుతోందని అక్కడే తేలిపోయింది. ప్రభుత్వం బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించింది. కొన్ని ఊళ్లలో జనమే సహకార పద్ధతిలో క్లినిక్కులు తెరుచుకున్నారు.

చివరికి బ్రిటన్ నుంచి వచ్చిన లార్డ్ టేలర్ రెండు వర్గాల మధ్య తిరిగి రాజీ కుదిర్చారు. ఆయన స్వయంగా డాక్టర్, ఎన్‌హెచ్‌ఎస్ ఏర్పాటులో అనుభవం ఉన్నవాడు. జులై 23న సస్కటూన్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 23 రోజుల సమ్మె ముగిసింది. డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగులు కానవసరం లేదు. ప్రాక్టీసు వాళ్ల సొంతం. చేసిన ప్రతి వైద్యానికీ ఫీజు అందుతుంది. కావాలంటే పథకం బయట కూడా ప్రాక్టీసు చేసుకోవచ్చు. ప్రభుత్వం వదులుకోనిది ఒక్కటే.. అందరికీ బీమా, చెల్లించేది ఉమ్మడి నిధి. అసలు విషయాన్ని పట్టుకుని మిగతావి వదిలేయడం అంటే ఇదే.

ఓడినా తీసేయలేదు

1964లో సస్కాచువాన్‌లో సీసీఎఫ్ ఓడిపోయింది. పథకాన్ని తిట్టిపోసిన లిబరల్స్ అధికారంలోకి వచ్చారు. ఇక అది పోయినట్టేననుకున్నారు చాలామంది. పోలేదు. రెండేళ్లలోనే జనానికి అంత అలవాటైపోయింది. చాలామంది డాక్టర్లకు కూడా! ఫీజు బాకీలు వసూలు చేసుకునే తలనొప్పి లేకుండా నెలనెలా డబ్బు వస్తుంటే కాదనేదెవరు?

అదే ఏడాది జస్టిస్ ఎమ్మెట్ హాల్ నేతృత్వంలోని రాయల్ కమిషన్ నివేదిక ఇచ్చింది. కమిషన్‌ను వేసింది కన్జర్వేటివ్ ప్రధాని డీఫెన్‌బేకర్. సస్కాచువాన్ తరహా పథకం దేశమంతటికీ కావాలని కమిషన్ తేల్చింది. ప్రధాని లెస్టర్ పియర్సన్‌ది మైనారిటీ ప్రభుత్వం. పార్లమెంటులో డగ్లస్ పార్టీ ఒత్తిడి ఎప్పుడూ ఉండేది. 1966 డిసెంబరులో మెడికల్ కేర్ చట్టం 177-2 ఓట్లతో గెలిచింది. 1968 జులైలో అమల్లోకి వచ్చి, 1972 నాటికి అన్ని ప్రావిన్సులకూ, టెరిటరీలకూ చేరింది. ప్రభుత్వ ఫీజు మీద అదనంగా రోగి దగ్గర వసూలు చేసే పద్ధతికి 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్ చెక్ పెట్టింది.

డగ్లస్ 1968లో మళ్లీ ఓడారు, 1969 ఉప ఎన్నికలో మళ్లీ గెలిచారు. 1970లో క్విబెక్‌లో కిడ్నాపులు జరిగినప్పుడు ప్రభుత్వం వార్ మెజర్స్ చట్టం తెచ్చి పౌరహక్కుల్ని పక్కన పెట్టింది. దేశం మొత్తం ప్రభుత్వం వైపే ఉన్నా ఆయన ఎదురు నిలబడ్డారు. 1971లో పార్టీ నాయకత్వం వదిలేశారు, 1979లో పార్లమెంటు. 1986 ఫిబ్రవరి 24న ఒట్టావాలో క్యాన్సర్‌తో కన్నుమూశారు. హాలీవుడ్ నటుడు కీఫర్ సదర్లాండ్ ఆయన మనవడే.

చర్చ ఇంకా ముగియలేదు

కెనడా పద్ధతిలో లోపాల్లేవా? ఉన్నాయి. స్పెషలిస్టు కోసం, మోకాలి మార్పిడి లాంటి ఆపరేషన్ల కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి రావడం అక్కడ నిత్యం వినిపించే ఫిర్యాదు. ఆసుపత్రి బయట కొనే మందులు, పళ్ల వైద్యం మొదట్లో జాతీయ పథకంలో లేవు. ఈ ఆలస్యం మీదే ఓ రోగి, ఓ డాక్టర్ కలిసి వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు క్విబెక్ ప్రావిన్సులో ప్రైవేటు బీమా మీదున్న నిషేధాన్ని 4-3 తీర్పుతో తప్పుబట్టింది.

సరిహద్దు అవతల అమెరికా వేరే దారి పట్టింది. 1965లో 65 ఏళ్లు దాటినవాళ్లకు మెడికేర్ తెచ్చింది. మిగతావాళ్లలో ఎక్కువమందికి బీమా వచ్చేది ఉద్యోగంతోనే. అక్కడ పనిచేసే మనవాళ్లను అడిగి చూడండి. లేఆఫ్ అంటే జీతంతో పాటు ఇంటిల్లిపాది వైద్య బీమా మీద కూడా బెంగే. వెర్మాంట్ రాష్ట్రం 2011లో సింగిల్ పేయర్ కోసం చట్టం చేసింది. పన్నులు ఎంత పెంచాలో లెక్క తేలాక 2014 డిసెంబరులో విరమించుకుంది. డగ్లస్ పన్నెండేళ్లు ఎందుకు ఆగారో ఇప్పుడు ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ వస్తే..

- సింగిల్ పేయర్ అంటే ప్రభుత్వ ఆసుపత్రులు అని కాదు. చెల్లించేది ఎవరు, వైద్యం చేసేది ఎవరు.. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. కెనడాలో చెల్లించేది ప్రభుత్వం, డాక్టర్లలో ఎక్కువమంది సొంత ప్రాక్టీసువాళ్లే. బ్రిటన్‌లో ఆసుపత్రులు కూడా చాలావరకు ప్రభుత్వానివే. తైవాన్ 1995లో సింగిల్ పేయర్‌కు మారింది.
- మన ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యం, బిల్లు ప్రభుత్వానిది అన్నంతవరకు పోలిక ఉంది. కానీ అర్హత, చికిత్సల జాబితా ఉన్నాయి కాబట్టి అది అందరికీ ఒకే నిధి అనే విధానం కాదు.
- అనుకూలం: జబ్బుతో అప్పులపాలయ్యే భయం తగ్గుతుంది, ఒకే బిల్లింగ్ కాబట్టి ఆఫీసు ఖర్చు తక్కువ, ఫీజుల మీద బేరమాడే శక్తి ఎక్కువ, ఉద్యోగం మారినా బీమా పోదు.
- ప్రతికూలం: పన్నుల భారం, వైద్యం కోసం నిరీక్షణ, బడ్జెట్ కోతపడితే అందరికీ ఒకేసారి దెబ్బ, డాక్టర్లకు మరో దారి లేకపోవడం.
- కెనడాకు చదువుకు వెళ్లేవాళ్లు: ప్రతి ప్రావిన్సు నియమాలు వేరు. సస్కాచువాన్‌లో స్టడీ పర్మిట్ ఉన్న విదేశీ విద్యార్థులకు ప్రభుత్వ హెల్త్ కార్డు దొరుకుతుంది. ఒంటారియోలో విడిగా బీమా కట్టాలి. యూనివర్సిటీ ఎంచుకునేటప్పుడు ఫీజుతో పాటు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఒక్కటి గమనించండి. డగ్లస్ గెలిచింది ఎదుటివాళ్ల నోరు మూయించి కాదు. ముందు లెక్కలు సరిచూసుకున్నారు, చిన్నచోట చేసి చూపించారు, జనాన్ని అడిగారు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు రాజీ పడాల్సిన చోట రాజీ పడ్డారు. అందుకే ఆయన ఓడిపోయినా, పార్టీ ఓడిపోయినా పని మిగిలింది. వినిపెగ్ వార్డులో ఓ డాక్టర్ దయతో నిలిచిన కాలు మీద నడుచుకుంటూ వెళ్లి, తర్వాతి పిల్లాడికి ఆ దయ అవసరం లేకుండా చేశారాయన.